పీచు లోడు మీద మనిషి

మా ఊరి కొబ్బరిపీచు మిల్లు నుంచి మెయిన్ రోడ్డుకి వెళ్ళే దారి బాగా సన్నం. ఒక పక్క పంట కాలువ, రెండో పక్క ఇళ్ళు. కరెంటు తీగలు పైనే ఉంటాయి కానీ కేబుల్ టీవీ తీగలు, ఇంటర్నెట్ తీగలు మాత్రం ఇళ్ళకీ చెట్లకీ మధ్య ఎవరికి తోచినట్టు వాళ్ళు అడ్డంగా కట్టేశారు. పీచు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. లారీ నిండిందంటే మేడలా లేస్తుంది. అందుకని లోడు బయల్దేరినప్పుడు దాని మీద ఒక మనిషి ఎక్కాలి. చివర అడ్డపుల్ల కట్టిన వెదురు గెడతో ఒక్కొక్క తీగనీ ఎత్తి పట్టుకుని, లారీ దాటాక వదలాలి. మెయిన్ రోడ్డు వచ్చాక దిగి నడిచి వెనక్కి వచ్చేయాలి. ఆ పనికి వేరే కూలీ లేదు. లోడు ఎత్తే జట్టులోంచి ఎవరో ఒకరు ఎక్కుతారు.

మా మావయ్య తాతబ్బాయిగారి లారీ మీదకి ఎప్పుడూ లాజరుగారే ఎక్కేవారు.

వాళ్ళిద్దరూ కుర్రతనంలో రావులపాలెంలో ఒకే ఓనరు దగ్గర క్లీనర్లుగా చేశారు. ఒకే గిన్నెలో వండుకుని, లారీ కింద ఒకే గోనె మీద పడుకున్నవాళ్ళు. తర్వాత మావయ్య డ్రైవరయ్యారు. లాజరుగారికి ఒక కంటి చూపు తగ్గి లైసెన్సు రాలేదు. ఊరొచ్చి మిల్లు జట్టులో చేరారు. పదిమందిలో ఉంటే "తాతబ్బాయిగారూ" అనేవారు, ఇద్దరే ఉంటే "ఒరే" అనేవారు. మా ఇల్లు ఆ దారి మీదే కాబట్టి రెండు పిలుపులూ నాకు వినపడేవి. పదో తరగతిలో ఉండగా అమ్మ పోయాక నేను బడి మానేసి మావయ్య ఇంటికి వచ్చేశాను. అప్పటినుంచీ ఆ అరుగూ ఆ దారే నాకు లోకం.

మావయ్య డ్రైవరుగా ఏళ్ళ తరబడి కూడబెట్టి ఒక పాత లారీ కొన్నారు. ముందు అద్దం మీద అత్తయ్య పేరు, వీరలక్ష్మి అని రాయించారు. తనే ఓనరు, తనే డ్రైవరు. హైదరాబాదు పరుపుల కంపెనీకి పీచు వేసుకెళ్ళి, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది తెచ్చేవారు. టైరు అరిగితే పాత టైరుకి కొత్త రబ్బరు వేయించేవారు. డీజిలు ఎక్కడ తక్కువో చూసుకుని పోయించేవారు. ఇన్సూరెన్సు దగ్గర మాత్రం ఏ ఉపాయమూ సాగేది కాదు. దసరా ముందు అది కట్టే రోజు దగ్గరపడుతుంటే అన్నం సరిగ్గా తినేవారు కాదు. "మొక్కుకోకుండానే ఏటా ముడుపు కట్టాలి, ఏ దేవుడికో తెలీదు" అనేవారు. లారీ పాతదవుతున్న కొద్దీ దాని ధర తగ్గుతుంటే, కట్టాల్సింది మాత్రం పెరుగుతూ వచ్చింది. పోయినేడు నాలుగు ట్రిప్పుల మిగులు అందులోకే పోయింది. ముందు క్లీనరుని మానిపించారు. క్లీనరే లేనప్పుడు అతని పేరున కట్టడమెందుకని అదీ తీయించేశారు. ఈ ఏడు లారీకి ఏమైనా అయితే డబ్బు వచ్చే భాగం కూడా వదులుకుని, చట్టం కట్టి తీరాలన్నది మాత్రం కట్టారు.

ఆ కాగితం ఇవ్వడానికి అమలాపురం నుంచి ఏజెంటు ఆదినారాయణగారు స్వయంగా వచ్చారు. మంచి మనిషే. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, మెత్తగా చెప్పారు.

"రోడ్డు మీదున్న మనిషికి మీ బండి తగిలితే కంపెనీ చూసుకుంటుందండి. బండి మీదున్న మనిషికి ఏమైనా అయితే మాత్రం మీరే చూసుకోవాలి."

"జట్టువాళ్ళు ఎక్కుతారు కదండీ" అన్నారు మావయ్య.

"వాళ్ళు మిల్లు మనుషులండి, మీ మనుషులు కాదు. సరుకు బండి మీద ఊరికే ఎక్కిన మనిషికి ఎంత కడతానన్నా కాగితం రాదు."

ఆదినారాయణగారు కాఫీ ఊదుకుంటూ ఇంటి దూలాల వైపు ఒకసారి చూశారు.

"ఇల్లు ఎవరి పేరున ఉందండీ?"

"నా పేరునా, మా ఆవిడ పేరునాండి."

"ఆయ్" అని ఆయన మళ్ళీ కాఫీ ఊదుకున్నారు.

ఆ మర్నాటి నుంచి మావయ్య లోడు మీదకి ఎవరినీ ఎక్కనివ్వలేదు. లారీ ఆపేవారు. గెడ పట్టుకుని తాళ్ళు పట్టి పైకి ఎక్కేవారు. తీగని లేపి పక్క కొమ్మకి తగిలించి, దిగి, బండి కొంచెం ముందుకి తీసి, మళ్ళీ ఎక్కి, తీగని విడిపించి, దిగేవారు. తర్వాత ఇంకో తీగ. వెనకాల ఆటోలూ, బళ్ళూ నిలిచిపోయేవి. పిల్లలు చూడ్డానికి వచ్చేవారు. జట్టులో బుల్లబ్బాయి అనే ఆయన నోటి దురుసు మనిషి. "తాతబ్బాయిగారు తీగకో దండం పెట్టుకుంటూ వెళ్తున్నారండి. ఈ లెక్కన రోడ్డు చేరేసరికి ఆ పుణ్యమంతా ఈయనకే" అని నవ్వించేవాడు. మావయ్య కూడా నవ్వేవారు. ఇంటికొచ్చాక మోకాళ్ళకి నూనె రాసుకుంటూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

లాజరుగారు మాత్రం నవ్వలేదు. తనని అందరి ముందూ బండి మీంచి దింపేసినట్టు అనుకున్నారు. ఒక సాయంత్రం వచ్చి అరుగు కింద నిలబడ్డారు.

"ఒరే, నా కన్ను చూసి దింపేవా?"

"నీ కన్ను కాదురా. నువ్వు పడితే నేను నిలబడలేను."

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పడ్డానా?"

"అందుకే భయం" అన్నారు మావయ్య.

లాజరుగారు వెనక్కి తిరిగారు. అత్తయ్య మంచినీళ్ళు తెచ్చేసరికి లేరు.

మిల్లు యజమాని దొరబాబుగారు కూడా కబురు పెట్టారు. దారి మూసేస్తున్నారని ఊళ్ళోవాళ్ళు తనని అంటున్నారనీ, ఇలాగే ఉంటే వేరే లారీ చూసుకుంటాననీ. ఆ మాట విన్నాక మావయ్య లారీ చుట్టూ తిరిగి టైర్లు తడుముకుంటూ ఉండిపోయారు. ఆ లారీ తప్ప మరో పని ఆయనకి రాదు.

అల్పపీడనం పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం లోడు బయల్దేరింది. ఆకాశం కాలువ నీళ్ళ రంగులోకి తిరిగింది. గాలికి తాటాకులు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. వాన పడితే పీచు తడిసి బరువెక్కుతుంది, పరుపుల కంపెనీవాళ్ళు దింపుకోరు. మొదటి తీగ దగ్గర మావయ్య లారీ ఆపి దిగేసరికి వెనకాల ఒకటే హారన్లు. లాజరుగారు వచ్చి మావయ్య చేతిలో గెడ పట్టుకుని లాగారు.

"ఎక్కండి తాతబ్బాయిగారూ. బండి తీయండి" అన్నారు అందరూ వినేలా.

మావయ్య గెడ వదల్లేదు. ఇద్దరూ రెండు చివర్లూ పట్టుకుని అలా నిలబడ్డారు. అప్పుడే చినుకు పడింది. మావయ్య వదిలేశారు.

లోడు మా ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడు లాజరుగారు మా తీగని జాగ్రత్తగా ఎత్తి దాటించారు. పైనుంచి నా వైపు చూసి, "టీవీ ఆగలేదు కదా పాపా?" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో సంతోషం కనిపించింది. నేను ఆగలేదని తల ఊపాను. లారీ తూము దగ్గర మలుపు తిరిగింది. కొంచెం సేపటికి ఇంజను చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

తూముకి అవతల మామిడిచెట్టుకీ స్తంభానికీ మధ్య ఇంటర్నెట్ వాళ్ళు ఆ ఉదయమే కొత్త తీగ లాగారట. నల్లటి సన్నటి తీగ. ఆ మబ్బులో రెండు కళ్ళున్నవాళ్ళకే కనపడదు. అది లాజరుగారి గుండెలకి తగిలింది. పక్క అద్దంలో మొదట గెడ పడడం కనిపించిందని మావయ్య తర్వాత చెప్పారు. లాజరుగారు రోడ్డు వారన తలకిందులుగా పడ్డారు. జట్టువాళ్ళు ఆటోలో ఎక్కించి అమలాపురం తీసుకెళ్ళారు. ఆస్పత్రి గుమ్మంలోనే అయిపోయిందన్నారు.

నేనూ అత్తయ్యా వెళ్ళేసరికి జట్టువాళ్ళు వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. లాజరుగారి భార్య సువార్తగారు నేల మీద కూర్చుని ఉన్నారు. నర్సింగు చదువుతున్న వాళ్ళమ్మాయి కీర్తి ఇంకా రాలేదు. కబురు తెలిసి ఆదినారాయణగారు కూడా వచ్చారు. ఆయన మావయ్యని స్తంభం పక్కకి తీసుకెళ్ళి చాలాసేపు నెమ్మదిగా మాట్లాడారు. ఆ మాటల సారం ఇది. లోడు మీంచి పడ్డాడంటే ఈ కుటుంబానికి కంపెనీ నుంచి ఏమీ రాదు. వాళ్ళు కోర్టుకి వెళితే లారీ, ఇల్లు, అంతా మావయ్య మీదే పడుతుంది. రోడ్డు వారన నడుస్తుంటే లారీ తగిలిందంటే కంపెనీ కట్టాలి, కుటుంబం నిలబడుతుంది. కానీ నిర్లక్ష్యంగా నడిపి మనిషిని చంపినట్టు కేసు మావయ్య మీద ఉంటుంది. జట్టువాళ్ళు ఏది చెప్పమంటే అది చెబుతామన్నారు. నోరు మూసుకుని ఎరగని బుల్లబ్బాయి కూడా నేల చూస్తూ తల ఊపాడు.

"చంపేనని చెప్పమంటారేంటండీ ఈయన్ని" అంది అత్తయ్య.

మావయ్య వచ్చి సువార్తగారి ముందు కూర్చున్నారు. ఆవిడే మాట్లాడారు.

"పడిపోయేరని మాత్రం చెప్పకండి అన్నయ్యగారూ. ఆయన పడే మనిషి కాదు."

ఆవిడ డబ్బు కోసం అన్నారో, ఆయన పరువు కోసం అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మావయ్య ఆ మాట పట్టుకుని లేచి స్టేషనుకి వెళ్ళారు. నేనే గుద్దేనండి, చూసుకోలేదు అని చెప్పారు. అలాగే రాసుకున్నారు.

లారీ స్టేషను ఆవరణలో ఉండిపోయింది. టార్పాలిన్ కింద పీచు నానిపోయి వాసన కొట్టింది. ఊళ్ళోవాళ్ళందరికీ నిజం తెలుసు, మొదట్లో ఎవరు కనిపించినా మావయ్య భుజం మీద చెయ్యి వేసేవారు. కానీ పక్క ఊళ్ళకి నిజం వెళ్ళలేదు, స్టేషనులో రాసిందే వెళ్ళింది. అప్పనపల్లి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, తాగి నడిపేరటగా అని అత్తయ్యని అడిగాడు. తర్వాత అదే మాట మా ఊరి కొట్టు దగ్గర కూడా వినపడింది. బుల్లబ్బాయి ఎదురైతే దారి తప్పుకునేవాడు. తెలిసినవాళ్ళకే మావయ్యని చూడడం కష్టమైపోయింది. ఆయనకి కూడా ఏదో మారింది. ఒకసారి అన్నం ముందు కూర్చుని, "చూసుకోవలసింది" అన్నారు. ఆ తీగని అన్నారో, రోడ్డునో. అత్తయ్య నా వైపు చూసింది.

సంక్రాంతి పనులు మొదలయ్యే వేళకి ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణకి ఒకాయన వచ్చారు. పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు. మోటారుసైకిలు మీద వచ్చి తూము అవతల ఆపారు. రోడ్డు కొలుస్తారనీ, టైరు గుర్తులు అడుగుతారనీ అనుకుని జట్టువాళ్ళు ఏం చెప్పాలో ముందే మాట్లాడుకుని ఉన్నారు. ఆయన రోడ్డు వైపు చూడనే లేదు. హెల్మెట్ తీసి, తల పైకెత్తి, మామిడిచెట్టు నుంచి స్తంభం వరకూ ఆ తీగని నెమ్మదిగా చూశారు. తెగితే ముడి వేసి మళ్ళీ కట్టిన చోట చూపు ఆపారు. తర్వాత మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగారు. నేను గ్లాసు ఇచ్చి తలుపు వెనక్కి వచ్చేశాను.

"అతను ఎక్కడున్నాడండీ అప్పుడు?" అని అడిగారు.

"రోడ్డు వారనండి" అన్నారు మావయ్య.

"నడుస్తున్నాడా?"

"ఆయ్."

"పంచనామాలో రాసిన అంత పొడుగు గెడ చేత్తో పట్టుకుని?"

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కుర్చీ దగ్గరకి జరుపుకున్నారు. కోపంగా లేరు. ఇంట్లో మనిషికి మంచి చెడ్డలు చెప్పినట్టు చెప్పారు.

"తాతబ్బాయిగారూ, మీ మేలు కోరి చెబుతున్నానండి. పడిపోయేడని ఒక్క మాట అనండి. మిమ్మల్ని జైలుకి పంపే కేసు వీగిపోతుంది. మాకు కట్టే పని ఉండదు. ఇక ఇల్లంటారా, వాళ్ళు మీ మీద కోర్టుకి వెళ్తే కదా. ఆవిడ వెళ్ళే మనిషిలా లేదు. నేను చూసే వస్తున్నాను."

వంటింట్లో అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన చెప్పింది నిజమే. సువార్తగారు మావయ్య మీద కోర్టుకి వెళ్ళే మనిషి కాదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఆయన కనిపెట్టేశారు. మావయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటి వైపే చూసుకుంటూ ఉన్నారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఆ ఒక్క మాటా అనేస్తారని నాకు అనిపించింది. అనేయాలని కూడా అనిపించింది.

"నేనే గుద్దేనండి" అన్నారు మావయ్య.

"ఇది రేపు పరిహారం కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలండి. ఆవిడ ముందు, ఆవిడ కూతురి ముందు. మా వకీలు ఊరుకోడు, వెదురు గెడ దగ్గర మొదలుపెడతాడు. అబద్ధమని తేలితే ఆ డబ్బూ రాదు, మీకు రెండు కేసులు అవుతాయి. మళ్ళీ ఆలోచించుకుంటారా?"

"అక్కర్లేదండి."

"అదే మాట మీద ఉంటారా?"

"ఆయ్" అన్నారు మావయ్య.