ఇంటికి చేసిన ఫోన్

నారాయణగూడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చెప్పే చిన్న ప్రైవేటు కాలేజీలో పనిచేస్తాను. పిల్లలు చదువు మధ్యలో మానేయకుండా చూడటమే నా ఉద్యోగం. ఎవరైనా వరుసగా మూడు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేయాలన్నది మా రూలు. ఈ రోజు పొద్దున మౌనిక ఇంటికి చేశాను. వాళ్ల నాన్న ఎత్తారు.

"రోజూ డబ్బా కట్టుకొని కాలేజీకే వస్తున్నది గద మేడమ్! మరి యాడికి పోతున్నట్టు?"

మధ్యాహ్నానికల్లా కూతుర్ని వెంటబెట్టుకొని టీసీ కోసం వచ్చేశారు. రక్తం తీసే ప్రాక్టికల్లో ఆ పిల్ల చేయి వణికితే క్లాసంతా నవ్విందట. సిగ్గుపడి, మూడు రోజులూ చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని అదే పాఠం చదువుకుందట. పరీక్షలు రెండు నెలల్లోనే ఉన్నాయని ఎంత బతిమాలినా ఆయన వినలేదు.

"చదివింది సాలు మేడమ్. ఇగ ఇంట్లనే ఉంటది."

ఆయన సంతకాలు పెడుతుంటే మౌనిక నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

"ఆ ఫోనేదో నాకే చేయకపోతివా అక్కా? రేపు వస్తుంటి గద."

రిజిస్టర్లో 'మానేయడానికి కారణం' అన్న గడిలో 'ఇంటి సమస్య' అని రాయమన్నారు మా సార్. రాశాను. నా చేయి మాత్రం వణకలేదు. మీరైతే ఏం రాసేవాళ్లు?