తడి చెంచా, మినోవన్ నుయ్యి

ఆ రోజుల్లో, అంటే ఇండియాకి ఫోన్ చెయ్యాలంటే ఇంకా కాలింగ్ కార్డు గీక్కునే రోజుల్లో, దొరల దేశంలో, స్టీవెనేజ్ అనే ఊళ్ళోని మా ఫ్లాట్‌లో నాకూ మా అత్తగారికీ మాటల్లేవు. పోట్లాట కాదు, మర్యాద. అల్లుడితో నేరుగా మాట్లాడడం వాళ్ళింటి పద్ధతి కాదు. నేను ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా సరే, "ఏమే, మీ ఆయనకి ఇంకాస్త పంచదార కావాలేమో కనుక్కో" అని మా ఆవిడతోనే అనేవారు. మా ఆవిడ నావైపు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పేది. (నాకీ ఏర్పాటు బాగానే ఉండేది. తిట్లు కూడా పంచదార అద్దుకుని వచ్చేవి.)

ఆవిడ అమలాపురం నుంచి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఆవకాయ సీసాలో, మూడోరోజునే, సింకులో కడిగిన చెంచా కడిగినట్టే ముంచాను. ఊరగాయకి తడి తగలకూడదని నాకు తెలియక కాదు. ఆకలి, ఆపైన బద్ధకం. వారం తిరక్కుండా తెల్లగా బూజు పట్టింది. గుట్టుచప్పుడు కాకుండా బిన్‌లో పారేశాను. "సీసా కనబడదేవిటే?" అన్న ప్రశ్న రాగానే, "ఆఫీసుకి పట్టుకెళ్ళాను, దొరలు ఊడ్చేశారు" అని నోటికొచ్చింది అనేశాను. అత్తగారి మొహం వెలిగిపోయింది. "మొత్తం తినేశారటే? కారం తట్టుకున్నారో లేదో కనుక్కోవే!" ఆ సాయంత్రమే అమలాపురంలో అక్కచెల్లెళ్ళందరికీ ఫోన్లు వెళ్ళాయి. అంతటితో ఆగినా బాగుండేది. "ఆ పిల్లల్ని ఓసారి భోజనానికి పిలవమనవే" అన్నారు. మా టీములో వాళ్ళు మిరియం చూస్తేనే మంచినీళ్ళు వెతుక్కునే రకం. అప్పటికే టికెట్లు కొనిపెట్టుకున్న గ్రీసు ప్రయాణం అడ్డొచ్చి, తాత్కాలికంగా నా పరువు నిలబెట్టింది.

వెళ్ళింది క్రీట్ దీవిలో జాక్రోస్ అనే సముద్రపుటొడ్డు పల్లెకి. గులకరాళ్ళ తీరం, నాలుగు హోటళ్ళు, వాటి వెనకాలే మినోవన్లనే పాతకాలపు జనం కట్టిన రాజభవనం. భవనమంటే ఇప్పుడు మిగిలినవి మోకాలెత్తు గోడలే. "ఇంత మేడ కట్టి కప్పు వెయ్యడం మర్చిపోయారేవిటే" అంటూ అత్తగారు పట్టుచీరా, తెల్ల స్పోర్ట్స్ షూలతో ప్రతి గదీ తనిఖీ చేశారు. గైడమ్మాయి ఒక నూతి దగ్గర ఆగింది. అందులో గిన్నెడు ఆలివ్ కాయలు దొరికాయట. వేల ఏళ్ళు నీళ్ళలో ఉండి కూడా అప్పుడే కోసినట్టున్నాయట, పైకి తీసిన కాసేపటికే ముడుచుకుపోయాయట. మా ఆవిడ అంతా తెలుగులో చెప్పింది.

అత్తగారు నూతిలోకి తొంగిచూసి, తల పంకించి, తీర్పు చెప్పారు. "ఎవరో తడి చెయ్యి పెట్టుంటారే." (నీళ్ళలో ఉన్న కాయకి కొత్తగా తడేమిటని అడిగే ధైర్యం ఎవరికుంది?) మళ్ళీ ఆవిడే, "రాజుగారి అల్లుడే అయ్యుంటాడు. వంటింట్లోకి దూరే చనువు ఇంకెవరికుంటుంది?" అన్నారు.

దొరికిపోయాననుకున్నాను. ఎండ దెబ్బో, పాపభీతో, "నేనేనండీ!" అని అరిచాను. "తడి చెంచా పెట్టింది నేనే. దొరలెవరూ తినలేదండీ. బూజు పడితే పారేశాను."

ఆవిడకి అసలేమీ తెలియదని అప్పుడర్థమైంది. పాపం, సరదాకి అన్నారంతే. ఆ మొహంలో వెలుగు ఆరిపోతుంటే నాకు నిజంగా సిగ్గేసింది. మా ఆవిడ నోరు తెరిచేలోగా అత్తగారు, పెళ్ళయ్యాక మొదటిసారి, సూటిగా నావైపు చూశారు.

"ఒక్క దొరైనా తినలేదా బాబూ?"

"లేదండీ."

ఆవిడ గొంతు తగ్గించి అన్నారు: "సరే, అయిందేదో అయింది. మా అక్కచెల్లెళ్ళతో మాత్రం అనకండి."

ఇన్నేళ్ళయినా అనలేదు. అమలాపురం లెక్కలో ఈనాటికీ స్టీవెనేజ్ దొరలు ఆవకాయంటే పడి చస్తారు. ఇప్పుడు నేనే చెంచాని రెండుసార్లు తుడిచి, వెలుతురుకేసి చూసుకుని మరీ సీసాలో పెడుతుంటే మా పిల్లలు నవ్వుతారు. అత్తగారు ఆ రోజు నుంచి నాతో నేరుగానే మాట్లాడుతున్నారు. తిట్లకి పంచదార అద్దడం మాత్రం మానేశారు.