ఇంకోసారి చదువు నాయనా

ఉదయగిరిలో ఆత్మకూరు బస్సు ఎక్కి కూర్చోగానే, పక్క సీటులోని అవ్వ నా చేతిలో ఒక కాగితం పెట్టింది.

“ఇందులో ఏముండాదో చదువు నాయనా.”

అది ఇంగ్లీషులో ఉన్న కోర్టు ఉత్తర్వు. బోరు మోటారు దొంగిలించాడన్న కేసులో ఆమె కొడుకు ఆత్మకూరు సబ్‌జైల్లో ఉన్నాడట. బెయిలు వచ్చి రెండు నెలలైనా, పొలం పాసుబుక్కు తెచ్చి జామీను ఉండేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయాడట.

“సర్కారోళ్లు ఒక లాయరమ్మను పెట్టినారు. ఊరికే వచ్చే లాయరు ఏం చేస్తాదిలే అనుకున్నా. నిన్న ఈ కాయితం పంపించి, బిడ్డను తీసకపోను రమ్మనింది. నిజమేనా?”

నేను తెలుగులో చెప్పాను. జామీనుదారులు అక్కర్లేదు, అతని సొంత పూచీకత్తు మీదే విడుదల చేయాలి. “దేవునికి స్తోత్రం!” అని పైకే అనేశాను.

“ఇంకోసారి చదువు నాయనా. వాళ్ల నాయన పేరు కూడా ఉండాదా?”

ఉంది. మళ్లీ చదివాను. మూడోసారికి ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగారు.

“అవ్వా, నాకే నోటికొచ్చేసింది. ఈసారి నేను చెప్తాలే!” అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. అవ్వ సంచిలోంచి ఇస్త్రీ చేసిన మగవాళ్ల చొక్కా తీసి, మడత చెదరలేదని చూసుకుని మళ్లీ లోపల పెట్టుకుంది. ఆత్మకూరులో బస్సు ఆగీ ఆగకముందే దిగిపోయింది.

మా మందిరంలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది నేనే. ఇన్నేళ్లలో ఇంకోసారి చదవమని ఎవరూ అడగలేదు. ఆ వారం చెరలో ఉన్నవారి విడుదల గురించిన వాక్యం వచ్చింది.

రెండుసార్లు చదివాను.