మూత తీయని లెన్సు

ఆ పాత లెన్సు చేతికొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మసక వెలుతురులోనూ ముఖాలను చక్కగా పట్టే లెన్సు. ఖమ్మంలో కొన్న రోజే రీలు కెమెరాకు బిగించి ములకలపల్లి బస్సెక్కాను. పక్క వరుసలో ఇప్పపువ్వు మూటతో ఒక ముసలావిడ. అడగకుండానే తీయసాగాను. ఆమె గుడ్లురిమింది. ఆ కోపం ఫొటోకు బాగుంటుందని రీలంతా ఆమె మీదే అవగొట్టాను.

దిగబోతూ నా ముందాగింది. "ఏందయ్యా, నన్నొక మాట అడగొద్దా?"

"ఫొటో తీస్తే అరిగిపోతావా అవ్వా?" కసిరాను.

ఆమె లెన్సు మీద వేలితో టకటకా కొట్టింది. మూత ఇంకా దానికే ఉంది. ఆ కెమెరాలో మనం చూసే అద్దం వేరు, లెన్సు వేరు. మూత ఉన్నా తెలియదు.

"అడిగితే, మూత తియ్యమని అప్పుడే చెప్తుంటి గదా!" అని విసురుగా దిగిపోయింది.