కాలి మీద గుంట

భూములన్నీ పోయినా మా ఇంటివాళ్ళం ఎవరి ముందూ నడుము వంచలేదు. టెక్కలిలో చిన్నాన్న మాత్రం రోజూ పొద్దున్నే అరుగు మీద వంగి, వాచిన కాలిని బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. గుంట ఎంత లోతుగా పడితే ఒంట్లో అంత నీరు చేరినట్టు.

సారా ఆయన కాలేయాన్ని పాడుచేసింది. ఇక మందులు చాలవనీ, తాగుడు పూర్తిగా మానేసి, దగ్గరి బంధువెవరైనా తమ కాలేయంలో ముక్క ఇస్తే హైదరాబాదులో మార్చవచ్చనీ విశాఖ డాక్టరు చెప్పాడు. మర్నాడు అరుగు మీద “నేనిస్తాను చిన్నాన్నా” అన్నాను.

పచ్చబడిన కళ్ళతో నవ్వాడు. “జీడితోటలు తాగీసినాను. మీ పిన్ని పుస్తెలు తాగీసినాను. ఇప్పుడు నిన్ను కూడా తాగీమంటావేట్రా?”

“మానేశావు కదా!”

“మానీసినాను. తెల్లారితే బయమేస్తాది, ఈయేళ మళ్ళీ తాగీస్తానేమోనని. నీ ముక్క నాలో పెట్టినా ఆ బయం పోదురా.”

“లేకపోతే బతకవన్నాడు చిన్నాన్నా.”

“ఇన్నాను.”

ఆయన వంగి నా కాలు పట్టుకున్నాడు. పెద్దవాడు నా కాలు ముట్టుకోవడమేమిటని వెనక్కి లాక్కోబోయాను. వదల్లేదు. చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి చూశాడు. గుంట పడలేదు.

“ఇలగే ఉండనీ” అని, నడుము నిటారుగా పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.