కారం పూసుకున్న నరభక్షకులు

నేను జీవితంలో తీసిన సినిమా ఒక్కటే. భయపెట్టే సినిమా. చూసిన పెద్దవాళ్లెవరూ భయపడలేదు గానీ, తీసేటప్పుడు మాత్రం నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ఘోరం చెబుతాను, నవ్వితే నవ్వుకోండి, నాకేం కొత్త కాదు.

కథ ఘనమైనదే. పారిపోయిన బందిపోట్లు అడవిలో నరభక్షకులకు చిక్కుతారు. మా వైపు అడవి లేదు, పత్తిచేలున్నాయి. సరే, అదే అడవి. బందిపోట్ల ముఠా మొత్తం మా కోటిగాడొక్కడే. వాణ్ణి తినేవాళ్లం ముగ్గురం. నాయకుణ్ణి నేనే, డైరెక్టర్నీ నేనే. ఇప్పుడైతే ఫోన్‌లోనే తీసేవాళ్లం. అప్పుడు కెమెరా ఉన్నది పెళ్లి వీడియోలు తీసే మస్తాన్ దగ్గరే. సాయంత్రం వాడు పొన్నూరులో ఎవరిదో పెళ్లి తియ్యాలి. మూడింటికల్లా సీను ముగియకపోతే సినిమా లేదు. నేనేమో డైరెక్టర్నయ్యానని అప్పటికే ఊరంతా చాటుకున్నాను.

ఒంటిగంటకి, కోటిని తినే సీను మిగిలింది.

"కుంకుమ నీళ్లు కెమెరాలో రోజ్ మిల్క్‌లా ఉన్నాయిరా. నెత్తురంటే చిక్కగా ఉండాలి," అన్నాడు మస్తాన్.

ఎదురుగా మిరప కల్లం ఎర్రగా మెరుస్తోంది. నాకు జ్ఞానోదయమైంది. కోటి ఇంటికి పరుగెత్తి, డబ్బాడు కారం, గిన్నెడు బెల్లం పాకం తెచ్చి కలిపాను.

"ఒళ్లు మండదంటరా?" అన్నాడు నా తోటి నరభక్షకుడొకడు.

"మండటానికి మనమేమన్నా బయటోళ్లమా? పుట్టిన కాడి నుంచీ తింటన్నాం. మనల్ని చూసి అదే భయపడాల!" అన్నాను.

పౌరుషం అంటువ్యాధండీ. ముగ్గురం మూతికీ, మెడకీ, రొమ్ముకీ పూసుకున్నాం.

"యాక్షన్!" అని నేనే అరిచి నేనే దూకాను. ఎండకు చెమట పట్టింది. ఆ తర్వాత సినిమా కథ ఎవరికీ గుర్తులేదు. తినాల్సిన ముగ్గురం "చచ్చాం బాబోయ్" అంటూ కల్లం వైపు పరుగు. "ఒరేయ్, నన్ను తినరా?" అంటూ కోటి మా వెనకాల. "సూపర్‌రా! నేచురల్‌గా ఉంది, అట్నే ఏడవండి!" అంటూ కెమెరాతో మస్తాన్ వాడి వెనకాల.

కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరే కూలీల మేస్త్రీ నాగరత్నం పిన్ని. నీళ్లతొట్టిలో దూకబోతున్న నన్ను జుట్టు పట్టి వెనక్కి లాగింది.

"నీళ్లు తగిలితే ఇంకా పాకుద్దిరా సన్నాసీ! కూర్చో!"

తమ అన్నాల్లోకి తెచ్చుకున్న మజ్జిగ కుండెత్తి మా మీద కుమ్మరించింది. కారం పూయనేల, మజ్జిగ పోయనేల? ఆ పూట అక్కడి ఆడవాళ్లంతా పచ్చడి మెతుకులతోనే లేచారు. పిన్ని తప్ప ఒక్కరూ నన్ను తిట్టలేదు.

మస్తాన్ పెళ్లికి వెళ్లిపోయాడు. రెండో టేకు లేదు. ఉన్నదే అతికించి, వారం తర్వాత అద్దె ప్రొజెక్టరుతో బడి గోడ మీద ఊరికి చూపించాను. బొమ్మలో మేం రాగానే జనం పడీ పడీ నవ్వారు. నా తల నేలకు వాలిపోయింది. అంతలో గోడ మీద నాగరత్నం పిన్ని కుండెత్తి "కూర్చో!" అని గర్జించింది. ముందు వరస పిల్లలు కెవ్వుమని వాళ్లమ్మల ఒళ్లో దూరారు.

జనంలో కూర్చున్న పిన్ని నా వైపు తిరిగింది. "భయపెట్టాలంటే నన్ను పిలవాలి గానీ, ఈ మొహాలతో ఎందుకు తీశావురా?"

అప్పుడే, ఊరందరి సాక్షిగా, లేచి నిలబడి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఒంటికి కారం పూసుకోను, పిన్ని లేకుండా భయపెట్టే సినిమా తియ్యను. పిన్ని పోయి ఆరేళ్లయింది. నేనింకా మాట మీదే ఉన్నాను.