వెర్నా నవ్వని ఉదయం

నవ్వితే ఆరోగ్యమని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులను ఒక్కసారి మా హోటలు వంటగదికి తీసుకొచ్చి, వెర్నా కొస్కెలా దవడలకు ఐసుముక్కలు అద్దుకుంటుంటే చూపించాలనిపించేది నాకు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసలో, గనులు మూతపడ్డ ఊళ్ళో మా హోటలు. నేను పెనం దగ్గర, ఆమె బల్లల దగ్గర. వెర్నా నవ్వు మొదట్లో ఆమె సొంతమే. ఆ నవ్వు కోసమే మంచులో బండి నడుపుకుంటూ కట్టెకోత మనుషులు వచ్చేవారు. రెయినో ఆమెను పెళ్ళాడిందీ దానికోసమే.

తర్వాత యజమాని క్లిఫ్టన్ హాగ్ తలుపుకు బోర్డు తగిలించాడు: ‘మా అమ్మాయి నవ్వకపోతే మీ టిఫిన్ ఉచితం.’ ఉచితమైన ప్రతి ప్లేటునూ వెర్నా జీతంలోంచి కోసేవాడు. కొందరు పోకిరీలు ఆమె మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తూ కూర్చునేవారు, ఎప్పుడు అలిసి నవ్వు ఆపుతుందా అని. దాంతో ఆమె పొద్దున్నించి సాయంత్రం దాకా పళ్ళు బిగబట్టి నవ్వేది. రాత్రిళ్ళు నిద్రలో పళ్ళు కొరికేది. ఇంటికెళ్ళాక ఆ మొహంలో ఏమీ మిగిలేది కాదు.

“నవ్వంతా హోటల్లోనే అమ్మేసి వస్తున్నావే. నాకో గుప్పెడైనా దాచుకురా,” అనేవాడు రెయినో. ముందు సరదాగానే అనేవాడు. తర్వాత అనడం మానేసి, ఆమె వచ్చే వేళకు టీవీ వైపు తిరిగి కూర్చునేవాడు.

గని మూతపడకముందు అందులో పీల్చిన దుమ్ము రెయినో ఊపిరితిత్తులను తినేసింది. మంచాన పడ్డాడు. వెర్నా సెలవడిగితే క్లిఫ్టన్ ఇవ్వలేదు. ఓ సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అతను కళ్ళు తెరిచి, “ఏదీ, ఒక్కసారి నవ్వు. చూసుకుంటా,” అన్నాడట.

“దవడలు పీకుతున్నాయయ్యా. రేపు,” అందట ఆమె.

తెల్లారేసరికి అతను లేడు.

సమాధి చేసిన మర్నాడే ఆమె పనిలోకి వచ్చింది. ఆమె నవ్వలేదని ఓ బల్ల వాళ్ళు టిఫిన్ ఉచితంగా పుచ్చుకుపోయారు. క్లిఫ్టన్ వంటగదిలోకి వచ్చి, “ఆ ఏడుపు మొహం ఇంట్లో పెట్టి రా, వెర్నా,” అన్నాడు. నా చేతిలో అట్లకాడ ఉంది. వాడి నెత్తిన ఒక్కటి వేసుంటే నా ప్రాణం హాయిగా ఉండేది. వెర్నా నా చెయ్యి పట్టుకుంది. “ఆగు, ఆర్డిస్. వేట మొదలవనీ,” అంది.

మా ఊళ్ళో జింకల వేట మొదలయ్యే రోజంటే పండగే. బడులకు సెలవు, మగా ఆడా అందరూ అడవిలోనే. ఆ పొద్దున హోటల్లో కాలు పెట్టే చోటుండదు. బల్లల దగ్గరికి ఇంకొకరిని పిలుద్దామన్నా దొరకరు. క్లిఫ్టన్ ఏడాది లాభమంతా ఆ రోజుదే.

ఆ రోజు వెర్నా అందరికంటే ముందొచ్చింది. కాఫీ వేడిగా, గుడ్లు అడిగినట్టుగా, ఏ లోపం లేకుండా అందించింది. నవ్వు మాత్రం లేదు. నారింజరంగు కోట్ల వేటగాళ్ళు మొదట తెల్లబోయారు.

“ఏంటి వెర్నా, జింకల తరఫున అలిగావా?” అన్నాడొకడు.

“బోర్డు చదువుకో నాయనా. నీ టిఫిన్ ఉచితం,” అందామె.

అంతే, హోటలంతా గొల్లున నవ్వింది. ఒక్కరూ డబ్బు తియ్యలేదు. క్లిఫ్టన్ బోర్డు పీకబోతే, గుమ్మంలో నిలబడ్డ వాళ్ళు “ఏయ్, అది ఉండాల్సిందే!” అని అరిచారు. నా కడుపు చల్లబడింది. గుడ్డు మీద గుడ్డు కొడుతూనే ఉన్నాను, వాడి సొమ్మే కదా అని.

“నీ జీతంలో కోస్తా!” అన్నాడు క్లిఫ్టన్.

“కోసుకోండి. ఇంత మందికి సరిపోయే జీతం మీరెప్పుడిచ్చారు?” అంది వెర్నా.

వాడి మొహం కందిపోయింది. కాసేపటికి బల్లల మధ్యకొచ్చి, అందరూ చూస్తుండగా ఆమె ముందు చేతులు జోడించాడు. “నేను మునిగిపోతానమ్మా. నీకు దణ్ణం పెడతా. ఒక్కసారి నవ్వు.”

వెర్నా వాడి కళ్ళలోకి తిన్నగా చూసింది. హోటల్లో అందరూ వినేలా, “రెయినో కూడా ఒక్కసారే అడిగాడు,” అంది.

తర్వాత కాఫీ కూజా తీసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడా నవ్వలేదు.